పెద్ద మొసలిని ప్రాణాలతో పట్టుకున్న అనుభవం

ఆ రేవులో పడవ దిగగానే నా దృష్టి ముందుగా ఒడ్డున పోగుపడిన చేపల పేగుల మీద, మొప్పల మీద పడింది. తెల్లవారుజామున వేట నుంచి తిరిగివచ్చిన పడవలు అక్కడే ఆగుతాయి, వలలు అక్కడే దులుపుతారు, పెద్ద చేపలను అక్కడే కోసి పనికిరాని భాగాలను అక్కడే నీళ్ళలోకి విసురుతారు. ఆ గట్టుకు పదడుగుల దూరంలోనే ఐదు నెలల వ్యవధిలో ఇద్దరు మనుషులు మొసలి వాత పడ్డారు. మొదట నడుములోతు నీళ్ళలో నిలబడి వల కడుగుతున్న ఒక యువకుడు, ఆ తరువాత బుట్ట కడగడానికి వంగిన ఒక నడివయసు స్త్రీ. మూడవసారి ఒక పిల్లవాడి కాలు దాని నోటికి చిక్కగా, పక్క పడవలోని వారు తెడ్లతో కొట్టి విడిపించారు. ఆ మూడవ సంఘటన తరువాతే వన్యప్రాణి వైద్యురాలిగా నన్ను పిలిపించారు. అప్పటికి నేను చాలా మొసళ్ళకు వైద్యం చేశాను గాని, వాటిలో మూడు మీటర్లు దాటినవి బహు కొద్ది. నాలుగు మీటర్లు దాటిన జంతువును పట్టే బృందంలో పనిచేయడం అదే మొదలు.

పల్లెవారిలో చాలామంది దానిని చంపేయాలనే అన్నారు. కళ్ళ ముందు మనిషిని పోగొట్టుకున్నవారు ఆ మాట అనడంలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. వారికి నేను ఒక్క మాటే చెప్పగలిగాను. నీటిలో ఉన్న మొసలిని కాల్చితే తగిలిందో లేదో తెలియదు. తగిలినా అది మునిగిపోతుంది. చచ్చినది అదేనా, మరొకటా అనే సంగతి కూడా తేలదు. గాయపడి బతికితే మునుపటికన్నా ప్రమాదం. ప్రాణాలతో పట్టుకుంటే కనీసం ఏ మొసలి పోయిందో అందరూ కళ్ళారా చూస్తారు. ఈ వాదన వారికి పూర్తిగా నచ్చిందని అనలేను గాని, పని మొదలుపెట్టడానికి మాకు గడువు ఇచ్చారు.

మొదటి వారమంతా ఏ మొసలిని పట్టాలో తేల్చుకోవడానికే సరిపోయింది. నదీముఖంలో ఒక్కటే మొసలి ఉండదు. చీకటి పడిన తరువాత పడవలో నిలబడి టార్చి వెలుగును నీటి మీద మెల్లగా తిప్పితే మొసలి కళ్ళు నిప్పుకణికల వలె ఎర్రగా మెరుస్తాయి. కంటిపాప వెనుక ఉండే అద్దం వంటి పొర వెలుతురును తిరగగొట్టడమే అందుకు కారణం. ఆ రాత్రులలో మేము ఏడెనిమిది జతల కళ్ళను లెక్కపెట్టాము. చాలావరకు చిన్నవి. పడవ దగ్గరకు వెళ్ళినా అవి కదలవు. కాని ఒక్క జత మాత్రం, కళ్ళ మధ్య దూరం మిగిలినవాటికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉన్నది, వెలుగు పడిన మరుక్షణమే చప్పుడు లేకుండా మునిగిపోయేది. మనుషుల చేత దెబ్బలు తిన్న మొసలి వెలుతురుకు అలా బెదరడం నేను లోగడ కూడా చూశాను. పగటిపూట ఆటు సమయంలో మడ చెట్ల వెనుక బురద మీద దాని పొట్ట జారిన గాడి కనిపించింది. పక్కన వెనుక కాలి అచ్చులు, మధ్యలో తోక ఈడ్చిన గీత ఉన్నాయి. గాడి వెడల్పును బట్టి, అచ్చు పొడవును బట్టి అది ఉప్పునీటి మొసలి జాతిలో బాగా ఎదిగిన మగదని నిర్ధారించుకున్నాము. ఈ జాతిలో ఆడవి మూడు మీటర్లను మించి పెరగడం అరుదు.

కొలతలకన్నా ఎక్కువ ఉపయోగపడినది వయసు మళ్ళిన ఒక జాలరి చెప్పిన వివరం. ఆయన చదువుకున్నవారు కాదు, కాని ఆ నీటిని అరవై ఏళ్ళుగా చూస్తున్నారు. "అది ఆకలికి రాదమ్మా, వేళకు వస్తుంది" అన్నారు. పోటు సగం ఎక్కిన తరువాత, పడవలు చేరే వేళకు కాస్త ముందుగా, పిల్లకాలువ మలుపులో వచ్చి ఆగుతుందని, పడవలు రాని రోజున కూడా అక్కడే ఉంటుందని చెప్పారు. మొసలి నెలల తరబడి తిండి లేకుండా బతకగలదు గనుక ఆకలి దానిని తొందరపెట్టదు. ఏ చోట, ఏ వేళకు, ఏ కదలిక తరువాత ఆహారం దొరుకుతుందో గమనించి, ఆ చోట కాచుకుని ఉండడమే దాని జీవన విధానం. ఆ రేవులో ప్రతి ఉదయం పడే చేపల వ్యర్థాలు దానికి వేళను నేర్పాయి. ఆ వేళకు మనుషులు అక్కడ మోకాలిలోతులో నిలబడి ఉంటారు. ఈ సంగతి అర్థమైన నాటి నుంచి వ్యర్థాలను ఊరికి దూరంగా గోతిలో పూడ్చాలని పల్లె పెద్దలతో మాట్లాడడం మా పనిలో భాగమైంది. అది బోను కట్టడంకన్నా కష్టమైన పని.

పట్టిన తరువాత ఎక్కడికి తీసుకువెళ్ళాలనేది పట్టకముందే తేలవలసిన విషయం. దూరంగా, మనుషులు లేని చోట విడిచిపెట్టవచ్చు కదా అని అధికారులలో ఒకరు అడిగారు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే కోరిక ఉండేది. కాని ఉప్పునీటి మొసలికి తన చోటు తెలుసు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో శాస్త్రవేత్తలు మూడు మొసళ్ళకు ఉపగ్రహ పరికరాలు అమర్చి, హెలికాప్టర్‌లో దూరానికి తరలించి విడిచిపెట్టగా, మూడూ తమ పాత చోటికే తిరిగివచ్చాయి. వాటిలో ఒకటి కేప్ యార్క్ ద్వీపకల్పాన్ని సముద్రం మీదుగా చుట్టి 400 కిలోమీటర్లకు పైగా ఈదింది. 2007లో వెలువడిన ఆ ఫలితాలను అధికారుల ముందు పెట్టిన తరువాత, మొసళ్ళ సంరక్షణ కేంద్రంలో విశాలమైన చెరువున్న ఆవరణకు తరలించాలని లిఖితపూర్వకంగా అనుమతి వచ్చింది. స్వేచ్ఛగా తిరిగిన జంతువును మిగిలిన జీవితమంతా గోడల మధ్య ఉంచడం నాకు సులభమైన నిర్ణయం కాలేదు. ఈనాటికీ సులభంగా లేదు. అయినా ఆ పరిస్థితిలో మరొక మార్గం ఉన్నదని నేను అనుకోవడం లేదు.

బోను ఆరు మీటర్ల పొడవున ఇనుప చట్రంతో, చుట్టూ గట్టి జాలీతో తయారైంది. ఒక చివర పైనుంచి కిందికి పడే తలుపు, మరొక చివర ఎర వేలాడే తాడు, ఆ తాడు లాగగానే తలుపును వదిలే మీట. రెండు పక్కలా ప్లాస్టిక్ పీపాలు కట్టి, పోటుకు పైకి లేచి ఆటుకు కిందికి దిగేటట్లు తేలుడు బోనుగా అమర్చాము. ఇందులో ఒక జాగ్రత్త ఉన్నది. మొసలి నీటి ప్రాణి అయినా ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది. కదలకుండా ఉన్నప్పుడు చాలాసేపు మునిగి ఉండగలదు గాని, పెనుగులాడుతూ ఉంటే ప్రాణవాయువు త్వరగా తరిగిపోయి నీటిలోనే ఊపిరాడక చనిపోగలదు. అందుచేత పోటు నిండుగా ఉన్నప్పటికీ బోనులో ముక్కు పైకెత్తి పీల్చుకునే జాగా మిగలాలి. అలాగే ఆటు వేళ బోను పొడి బురద మీద కూర్చుని ఎండకు మాడిపోకూడదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. తలుపును తెరిచి కట్టేసి, లోపల ఎర పెడుతూ, జంతువు భయం లేకుండా వచ్చిపోయే అలవాటు పడేదాకా వేచి ఉండాలన్నది నియమం. నాలుగవ రాత్రి కెమెరాలో అది బోను గుమ్మం దాకా వచ్చి తల లోపలికి పెట్టిన బొమ్మ కనిపించింది. ఊరివారి ఒత్తిడి రోజురోజుకూ పెరుగుతున్నది. ఇక చాలుననుకుని ఐదవ రాత్రి మీటను సిద్ధం చేయించాను. ఆ రాత్రి మొసలి భుజాల వరకు మాత్రమే లోపలికి వచ్చి ఎరను పక్కకు లాగింది. తలుపు దాని వీపు మీద పడింది. ఒక్క విదిలింపుతో అది వెనక్కు జారిపోయింది. మరి పంతొమ్మిది రోజుల వరకు ఆ కాలువ మలుపులో దాని కళ్ళు కనిపించలేదు. ఆ పంతొమ్మిది రోజులూ మరొకరి ప్రాణం పోతే దానికి నేనే బాధ్యురాలినన్న ఆలోచనతో నిద్రపట్టేది కాదు. ఆఫ్రికాలోని బురుండీలో గుస్తావ్ అని పేరుపడిన పెద్ద మొసలి కోసం భారీ బోను పెట్టి, రకరకాల ఎరలు మార్చినా అది లోపల అడుగుపెట్టలేదన్న సంగతి మాటిమాటికీ గుర్తుకు వచ్చేది. ఒకసారి బెదిరిన పెద్ద మొసలి మనకు రెండవ అవకాశం ఇస్తుందన్న నమ్మకం లేదు.

మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించాము. బోనును మడ చెట్ల నీడలోకి జరిపి, కొత్త ఇనుము వాసన పోయేదాకా బురద పూయించి, తలుపు అంచుకు లావు గుడ్డ చుట్టాము. మొసలి దవడల మీద నల్లని చుక్కల వలె కనిపించేవి నీటిలోని అతిచిన్న అలజడిని కూడా గుర్తించే స్పర్శేంద్రియాలు. ఉప్పునీటి మొసలికి అవి ఒళ్ళంతా ఉంటాయి. అందుచేత ఎర మార్చడానికి రోజూ ఒకే పడవ, ఒకే వేళకు, ఒకే మనిషి తెడ్డుతో వెళ్ళాలని, ఇంజను వాడకూడదని నిర్ణయించాము. ఆ మనిషి, ముందు చెప్పిన వృద్ధ జాలరే. ఈసారి మీటను ఎప్పుడు సిద్ధం చేయాలో నేను నిర్ణయించలేదు, ఆయనకే విడిచిపెట్టాను. మొసలి తోకతో సహా లోపలికి వెళ్ళి తాపీగా తిని తిరిగివచ్చిన బొమ్మలు వరుసగా ఆరు రాత్రులు చూసిన తరువాత, ఏడవ సాయంత్రం ఆయన "ఇక కట్టండి" అన్నారు.

తెల్లవారడానికి రెండు గంటల ముందు తలుపు పడిన చప్పుడు వినిపించింది. మేము చేరేసరికి బోను మొత్తం ఊగుతున్నది. అది జాలీని కొరికి, ఒంటిని గిరగిర తిప్పుతున్నది. ఎరను చీల్చడానికి మొసలి వేసే ఆ పొర్లు ఎంత బలమైనదో వినడం వేరు, అది మోకాళ్ళకు తగిలే అలగా తెలియడం వేరు. ప్రయోగాలలో ఉప్పునీటి మొసలి కాటు బలం 16,414 న్యూటన్ల దాకా నమోదైంది. జీవించి ఉన్న జంతువుల మీద నేరుగా కొలిచిన కాటు బలాలలో అదే అత్యధికం. చూస్తుండగానే పల్లె అంతా గట్టు మీదికి చేరింది. వెంటనే ఉచ్చు వేసి లాగేయమని వారూ, మా బృందంలోని కుర్రవారూ తొందరపెట్టారు. నేను అందరినీ దూరం జరిపించి, దీపాలు ఆర్పించి, తడి గోనెపట్టాలు బోను మీద కప్పించి, ఎవరూ మాట్లాడవద్దని ప్రాధేయపడ్డాను.

దానికి కారణం చెప్పడం కోసమే నేను ఈ అనుభవం రాయడానికి కూర్చున్నాను. పెద్ద మొసలిని పట్టడంలో చిక్కు దాని బలాన్ని జయించడంలో లేదు. పదిమంది మనుషులు, మోకులు, కప్పీలు ఉంటే ఎంత బలమైనా లొంగుతుంది. కాని దాని కండరాలు తీవ్రంగా పనిచేసేటప్పుడు ప్రాణవాయువు మీద ఆధారపడవు. వాటిలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని రక్తంలోకి చేరుతుంది. చిన్న మొసలి త్వరగా అలిసిపోయి ఆగిపోతుంది, త్వరగా కోలుకుంటుంది. పెద్దది మాత్రం చాలాసేపు పెనుగులాడగలదు. అందువల్ల దాని రక్తం ప్రాణాంతకమైన స్థాయికి ఆమ్లభరితం కావచ్చు. పట్టిన తరువాత చూడడానికి గాయమేదీ లేకుండా, కొన్ని గంటలకు పెద్ద మొసళ్ళు చనిపోవడం ఇందువల్లనే. లాగుడుపోటీలో మనుషులు గెలిచినట్లు కనిపించిన ప్రతిసారీ జంతువు లోపల చస్తూ ఉండవచ్చు. కాబట్టి దానిని పెనుగులాడనివ్వకుండా పట్టాలి. చీకటి, చల్లదనం, నిశ్శబ్దం ఇవే మా దగ్గరున్న అసలైన సాధనాలు.

నలభై నిమిషాలకు ఊపు తగ్గింది. తూర్పు తెల్లబడే వేళకు అది కదలకుండా, ముక్కు మాత్రం పైకి పెట్టి ఉన్నది. జాలీ సందుల్లోనుంచి పైదవడకు తాడు ఉచ్చు జార్చి మెల్లగా బిగించాము. మొసలి నోరు మూసే కండరాలు ఎంత బలమైనవో, తెరిచే కండరాలు అంత బలహీనమైనవి. అందువల్ల దవడలను ఒకసారి దగ్గరకు చేర్చగలిగితే కొన్ని చుట్ల గట్టి టేపు చాలు. చుట్టేటప్పుడు ముక్కురంధ్రాలు మూసుకుపోకుండా నేను వేలు అడ్డం పెట్టి చూసుకున్నాను. ఆ తరువాత కళ్ళకు తడిగుడ్డ కట్టాము. గుడ్డ కట్టిన క్షణాన దాని ఒళ్ళంతా సడలడం నా అరచేతికి తెలిసింది.

మందు విషయంలో ముందుగానే చాలా తర్జనభర్జన జరిగింది. ఉప్పునీటి మొసళ్ళకు వాడే గాలమిన్ కండరాలను సడలిస్తుంది, నియోస్టిగ్మిన్ దానికి విరుగుడు. అయితే అది మత్తుమందు కాదు. జంతువు కదలలేదు గాని నొప్పి, భయం అన్నీ తెలుస్తూనే ఉంటాయి. మందు ఎక్కిన మొసలి నీటిలో ఉంటే తల ఎత్తలేక మునిగిపోతుంది. అందుచేత బోనును గట్టు మీదికి లాగి, నేల మీద నిలిపిన తరువాతే, కర్ర చివర బిగించిన సిరంజితో తోక మొదట్లో తక్కువ మోతాదు ఇచ్చాను. ప్రభావం కనిపించేదాకా ఎవరినీ తలుపు దగ్గరకు రానివ్వలేదు.

బయటకు తీసి కొలిచినప్పుడు ముక్కు నుంచి తోక చివరిదాకా 4.9 మీటర్లు ఉన్నది. 2011 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్‌లోని బునావాన్ వద్ద పట్టిన లోలాంగ్ అనే మొసలి 6.17 మీటర్లు, 1,075 కిలోలు. దానితో పోలిస్తే మాది చిన్నదే. అయినా పన్నెండుమంది మోయవలసి వచ్చింది. కుడి ముందుకాలికి రెండు వేళ్ళు లేవు. మెడ పక్కన పాత గాయపు మచ్చలో తుప్పుపట్టిన పెద్ద గాలం ముక్క దిగబడి ఉన్నది. దానిని అక్కడే కోసి తీశాను. వెలుతురు పడగానే అది ఎందుకు మునిగిపోయేదో అప్పుడు నాకు ఊహకు అందింది.

మోసే పలకకు కట్టేటప్పుడు ఒక కుర్రవాడు పొట్ట చుట్టూ పట్టీ వేసి బలంగా బిగించాడు. తప్పు అతనిది కాదు, నేను ముందే చెప్పి ఉండవలసింది. మొసలి శ్వాసలో ఒక విశేషం ఉన్నది. తుంటి ఎముక నుంచి కాలేయానికి అతుక్కుని ఉండే కండరం కాలేయాన్ని వెనక్కు లాగినప్పుడు ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. పొట్టను బిగిస్తే ఆ కదలిక ఆగిపోతుంది. రెండు నిమిషాలు దాటినా ఊపిరి తీయకపోవడం గమనించి, పట్టీని నేనే కోసేశాను. మరొక నిమిషానికి పెద్ద బుస వినిపించింది. ఆ తరువాత భుజాల దగ్గర, తుంటి దగ్గర, తోక మొదట్లో మాత్రమే పట్టీలు వేసి, దారి పొడుగునా పక్కనే కూర్చుని ఊపిరులు లెక్కపెడుతూ, ఒంటి మీద నీళ్ళు చల్లుతూ వెళ్ళాను. ఎండ ముదరకముందే ఆవరణకు చేరాము. విరుగుడు ఇచ్చిన తరువాత కూడా, అది పూర్తిగా తేరుకునేదాకా లోతు నీటిలోకి వదలలేదు.

లోలాంగ్ పట్టుబడిన ఏడాదిన్నర లోపే, 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ భయంతోనే మొదటి మూడు రోజులు నేను ఆవరణ దగ్గరే ఉండిపోయాను. రెండవ రోజు మధ్యాహ్నానికి అది తనంతట తాను నీటిలోకి దిగింది. ఏడు వారాలదాకా ఏమీ తినలేదు. పెద్ద మొసలికి అంతకాలం ఉపవాసం హాని చేయదని తెలిసినా, అది మొదటి చేపను అందుకున్న కబురు ఫోనులో విన్నప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

పెద్ద మగది పోయిన చోటికి మరొకటి వస్తుందని పల్లెవారికి ముందే చెప్పాము. రేవులో నీటిలోకి దిగే చోట ఇనుప జాలీతో మూడు వైపులా కంచె వేయించాము. శ్రీలంకలో స్నానపు రేవుల దగ్గర ఇటువంటి ఆవరణలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వ్యర్థాల గోతి మాత్రం మొదటి రెండు వారాలు ఖాళీగానే ఉన్నది. అంత దూరం మోసుకువెళ్ళే ఓపిక ఎవరికీ లేదు. చివరకు కాలు పోయినంత పని జరిగిన ఆ పిల్లవాడి తల్లి తోపుడు బండి ఒకటి తెప్పించి, ఇంటింటి నుంచి తొట్లు తీసుకువెళ్ళడం మొదలుపెట్టింది.

ఆరు నెలల తరువాత నేను మళ్ళీ వెళ్ళి, ఆ వృద్ధ జాలరి పడవలోనే రాత్రి లెక్క తీశాను. పిల్లకాలువ మలుపులో ఒక జత కళ్ళు ఉన్నాయి. మధ్య దూరాన్ని బట్టి అది మూడు మీటర్ల లోపుదై ఉంటుంది. వెలుగు పడినా అది బెదరలేదు. పడవలు చేరే వేళదాకా ఇద్దరమూ అక్కడే కాచుకుని ఉన్నాము. పోటు సగం ఎక్కింది, పడవలు ఒక్కొక్కటిగా వచ్చాయి, కంచె లోపల వలలు కడగడం మొదలైంది. ఆ కళ్ళు రేవు వైపు తిరగలేదు. కాసేపటికి మడ చెట్ల కింది నీడలోకి వెళ్ళిపోయాయి.